జీర్ణ రథోద్ధరణ

గుడి శిథిలమైతే జీర్ణోద్ధరణ చేయడం మనకు తెలిసిన ధర్మం. కూలిన ప్రాకారం తిరిగి ఎత్తుతారు, పగిలిన రాయి మారుస్తారు, గోపురానికి సున్నం వేస్తారు. పని ముగిసిన తరువాత ఊరిలో రెండు మాటలు వినబడతవి. “గుడి కొత్తగా మెరిసిపోతున్నది” అని కొందరు సంతోషిస్తారు. “పాత శాసనం మీద కూడా సున్నం పూసినారే” అని మరికొందరు నిట్టూరుస్తారు. రెండు మాటలూ నిజమే. ఈ రెండు మాటల నడుమనే ఇంగ్లండులోను, జర్మనీలోను, అమెరికాలోను ఎందరో గృహస్థులు తమ ఆదివారాలన్నీ గడుపుతున్నారు. వారు ఉద్ధరించేది గుడిని కాదు, పాత స్పోర్ట్స్ కారును.

స్పోర్ట్స్ కారు అంటే కుటుంబంతో తీర్థయాత్రకు పోయే బండి కాదు. ఇద్దరికి మాత్రమే చోటు. నేలకు తగులుతున్నవా అనిపించే ఆసనాలు. మడిచి వెనుకకు వేయదగిన గుడ్డకప్పు. ప్రయోజనదృష్టితో చూస్తే ఇంతకన్న నిరర్థకమైన వాహనం లేదు. బియ్యపు బస్తా పెట్టడానికి చోటుండదు. వానవస్తే కప్పు సందులనుండి నీరు మెడమీద పడుతుంది. అయినా వంకరటింకర పల్లెదారిలో అది మలుపు తిరిగే తీరు ఒకసారి చవిచూసినవాడు మరి మరచిపోడు. ఆ జ్ఞాపకమే ముప్పై, నలభై ఏళ్ల తరువాత అతనిని ఏ రైతు పాకలోనో కోళ్లు గుడ్లు పెడుతున్న ఒక తుప్పుబండి ముందుకు లాక్కొనిపోతుంది.

ఇటువంటి బండ్లలో అందరికీ అందినది ఎమ్.జి.బి. ‘మోరిస్ గరాజెస్’ అనే పేరుకు పొట్టిరూపమే ఎమ్.జి. 1962లో లండన్ మోటారు ప్రదర్శనలో కనబడిన ఈ చిన్న బండి, ఆక్స్‌ఫర్డు సమీపాన ఉన్న అబింగ్డన్ కర్మాగారం 1980 అక్టోబరులో మూతపడేవరకు తయారవుతూనే వచ్చినది. మొత్తంమీద 5 లక్షలకు పైగా బండ్లు బయటికి వచ్చినవి. కోటీశ్వరుల వాహనం కాదు. ఉద్యోగంలో కుదురుకొన్న యువకుడు వాయిదాలమీద కొనగలిగిన బండి. గంటకు వంద మైళ్లు దాటి పరుగెత్తగలదు.

దీని ఇంజనుకు మన దేశంతో చుట్టరికం ఉన్నది. మన వీధులలో చిరకాలం తిరిగిన అంబాసిడర్ కారులోని 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజనూ, ఎమ్.జి.బి.లోని 1798 ఘనసెంటీమీటర్ల ఇంజనూ ‘బి-సిరీస్’ అనే ఒకే వంశానికి చెందినవి. బెజవాడలో అంబాసిడర్ టాక్సీల ఇంజన్లు విప్పి బిగించిన మేస్త్రీ ఎవరైనా ఎమ్.జి.బి. బానెట్టు ఎత్తి చూస్తే, పెళ్లిపందిట్లో దూరపు బంధువును పోల్చుకొన్నట్లు పోల్చుకొంటాడు.

అయితే ఇంజను వల్ల వచ్చే కష్టం చిన్నది. అసలు శత్రువు తుప్పు.

వెనుకటి కార్లకు అడుగున ఒక దృఢమైన ఇనుప చట్రం ఉండేది. దానిమీద శరీరాన్ని కూర్చోబెట్టేవారు. ఎమ్.జి.బి.కి ప్రత్యేకమైన చట్రం లేదు. ఒత్తిన రేకులను ఒకదానికొకటి వెల్డింగుచేసి, ఆ శరీరమే తన భారాన్ని తాను మోసేటట్లు నిర్మించినారు. పైన కప్పు లేదు గనుక భారమంతా తలుపుల కింద, ముందు చక్రంనుండి వెనుక చక్రందాకా సాగే రెండు రేకుపెట్టెలమీద పడుతుంది. వాటిని కారు గడపలనవచ్చును. పైకి కనబడే రేకు వెనుక మరికొన్ని పొరలుంటవి. వాటి నడుమ గాలి ఆడని చీకటి గది. చలికాలంలో ఇంగ్లండులో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాలనుండి చింది, సందులగుండా ఆ గదిలోకి చేరుతుంది. ఇనుము, నీరు, గాలిలోని ఆమ్లజని కలిస్తే తుప్పు పుడుతుందని బడిపిల్లలకు తెలుసును. ఉప్పు ఆ పనిని వేగిరపరుస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి అతుకుల నడుమ పుట్టిన తుప్పు ఉబ్బి, ఆ అతుకులనే విడదీసి, మరింత నీటికి దారి చేస్తుంది. ఇదంతా లోపల జరిగేదే. బయటి రంగుమీద కందిగింజంత బుడగ కనబడేనాటికి లోపల గడప సగం పోయి ఉంటుంది.

ఆ బుడగను స్క్రూడ్రైవరుతో గుచ్చడంతో ఉద్ధరణ ప్రారంభమవుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్లు, గుచ్చిన చోట వేలు దూరుతుంది, తరువాత చెయ్యి దూరుతుంది. వెనుకటి యజమానుల పాపాలన్నీ ఒక్కొక్కటిగా బయటపడతవి. పుచ్చిన రేకును కోసివేయకుండా దానిపైననే కొత్తరేకు కప్పి అంటించినవారున్నారు. రంధ్రంలో పాత వార్తాపత్రికలు కుక్కి, పైన లప్పం మెత్తి, నున్నగా తోమి, రంగు వేసి అమ్మినవారూ ఉన్నారు. అటువంటి కాగితపు ఉండను విప్పితే ఏనాటిదో ఒక ఆటలవార్త కనబడడం కద్దు. కోపం రావలసిన చోట నవ్వు వచ్చేది అప్పుడే.

గడప మార్చడంలో ఒక మెలకువ ఉన్నది. అనుభవంలేనివాడు రెండువైపుల పుచ్చిన రేకులనూ ఉత్సాహంగా కోసివేస్తాడు. వెన్నెముక తీసివేసిన దేహంవలె బండి నడుమ కుంగుతుంది. ఆ కుంగిన స్థితిలోనే కొత్తరేకు అతికితే, ఇక ఆ కారు తలుపులు జన్మలో సరిగా మూతపడవు. తెలిసినవాడు ముందుగా తలుపు సందులో ఇనుపకమ్మి అడ్డంగా బిగించి, ఒక్కొక్కవైపే కోసి, ప్రతి అతుకుకు ముందు తలుపు తగిలించి మూసిచూస్తాడు. పదిసార్లు తగిలిస్తాడు, పదిసార్లు విప్పుతాడు. తలుపుకూ దేహానికీ నడుమ సన్నని సందు పైనుండి కిందికి ఒకే వెడల్పున వచ్చిననాడు అతనికి కలిగే ఆనందం, ఛందస్సు కుదిరిన పద్యం చూచుకొన్న కవి ఆనందంవంటిది. చూడవచ్చిన స్నేహితునికి ఆ సందు కనబడనే కనబడదు! “ఇన్ని నెలలూ ఏమి చేసినావు?” అని అడుగుతాడు.

ఇక బోల్టుల సంగతి. తుప్పుపట్టిన బోల్టు మూడురకాల మర్యాద కోరుతుంది: నూనె, వేడి, ఓపిక. మూడవది తగ్గితే అది పటుక్కున విరిగి, సగం ముక్క లోపలనే ఉండిపోతుంది. పది నిమిషాల పని రెండు ఆదివారాలు తింటుంది. ఎమ్.జి. బండ్లలో అంతకుముందు తరం వాటిని ఉద్ధరించేవారికి ఇంకొక చిక్కుకూడ కలదు. 1923లో మోరిస్ కంపెనీ కోవెంట్రీలోని ఒక ఇంజన్ల కర్మాగారాన్ని కొన్నది. అది ఫ్రెంచి వారిదైన హాచ్‌కిస్ సంస్థది. అందులోని యంత్రాలన్నీ మెట్రిక్ కొలతల మరలు కోసేవి. వాటిని పారవేసే శక్తి లేదు. ఇంగ్లండు మెకానిక్కుల చేతులలోనో ఇంగ్లీషు కొలత పానాలే ఉన్నవి. అందుచేత మర ఫ్రెంచి కొలతలోను, తల ఇంగ్లీషు కొలతలోను ఉండే బోల్టులు తయారుచేసినారు. ఆ ఏర్పాటు తరతరాల ఇంజన్లకు సంక్రమించి 1955లో ముగిసిన టి.ఎఫ్. కారు వరకు వచ్చినది. ఈనాడు ఆ ఇంజను విప్పేవాడు, పానా సరిపోయినది గదా అని బజారులో ఇంగ్లీషు బోల్టు తెచ్చి దూర్చితే మర చెడుతుంది. ఎప్పుడో జరిగిన ఒక వ్యాపారపు బేరం నూరేళ్ల తరువాత కూడ ఒకని వేళ్లను గాయపరచడం చరిత్ర బలం కాక మరేమి?

విద్యుత్తు తీగెల విషయం తలుచుకొని బాధపడడంకన్న విడిచిపెట్టడం మేలు. 1967 వరకు ఎమ్.జి.బి.లో బ్యాటరీ ధనధ్రువాన్ని బండి దేహానికి కలిపేవారు. ఆ తరువాత ఋణధ్రువాన్ని. ఈ తేడా గమనించక కొత్త పరికరం బిగించి పొగలో పాఠం నేర్చుకొన్నవారు పలువురు.

దేహం కుదిరిన తరువాత ఇంజను. ఇక్కడ కష్టంకన్న సుఖమే ఎక్కువ. ఎమ్.జి.బి.లో రెండు ఎస్.యు. కార్బ్యురేటర్లుంటవి. గాలి పీల్పుకు లోపలి చిన్న పిస్టన్ పైకి లేస్తుంది. దానికి తగిలించిన కొనదేలిన సూది కూడ లేచి, గాలికి తగినంత పెట్రోలును విడుస్తుంది. ఇంత సులువైన యంత్రాన్ని చూపి బడిలో ఒక పూట పాఠం చెప్పవచ్చును. రెండు కార్బ్యురేటర్లూ సమానంగా గాలి పీల్చుతున్నవా లేదా అనేది తెలుసుకొనడానికి రబ్బరుగొట్టం ఒక కొన చెవిలోను, మరొక కొన కార్బ్యురేటర్ నోటివద్దను పెట్టి ‘స్స్’ అనే ధ్వని వింటారు. ఒకదానిది హెచ్చు, ఒకదానిది తగ్గు. మర కొంచెం తిప్పి మళ్లీ వింటారు. తంబురా శ్రుతిచేయడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. తరువాత పిస్టన్‌ను వెంట్రుకవాసి ఎత్తి చూస్తారు. ఇంజను వేగం పెరిగి అట్లాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువైనట్లు; ఆగిపోబోతే తక్కువైనట్లు; క్షణకాలం పెరిగి మళ్లీ సర్దుకొంటే సరిపోయినట్లు. ఏళ్లతరబడి మూగపడి ఉన్న ఇంజను, మొదట దగ్గి, నల్లపొగ కక్కి, అంతలో నాలుగు సిలిండర్లతో గొంతు కలిపి పాడడం మొదలుపెట్టిన సాయంత్రం ఆ ఇంటిలో పండుగే. అంతవరకు విసుగుకొన్న ఇల్లాలుకూడ వాకిటిలోకి వచ్చి నిలబడుతుంది.

కాలం మాత్రం ఊరుకొనదు. ఆ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు తాగి బ్రతికినవి. 2000 సంవత్సరం ఆరంభంనుండి ఇంగ్లండులో అట్టి పెట్రోలు సామాన్యంగా అమ్మకుండ ఆపివేసినారు. ఆరోగ్యదృష్ట్యా అది మంచి పనే. కాని సీసపు పూత రక్షణ పోయినందున పాత వాల్వులు కూర్చొనే చోట్లు అరిగిపోకుండ గట్టి లోహపు వలయాలు బిగించవలసి వచ్చినది. 2021 నుండి అక్కడి సాధారణ పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరుగొట్టాలను చెడగొడుతుంది. బాగుచేసిన వస్తువు బాగుగా ఉండాలంటే దాని చుట్టూ ఉన్న లోకం కూడ మారకుండ ఉండవలెనేమో!

ఈ కష్టాలన్నిటినీ ఒక్క వేటుతో తీర్చే ఉపాయం 1988లో వచ్చినది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ, పాత కర్మాగారపు అచ్చులనే వెదకి తెచ్చి, ఎమ్.జి.బి. దేహాన్ని తిరిగి కొత్తగా తయారుచేయసాగినది. డబ్బు కట్టినవానికి తుప్పు చుక్క అంటని సంపూర్ణమైన దేహం లభిస్తుంది. పాత బండిలోని ఇంజను, ఇరుసులు, ఆసనాలు, దీపాలు దానికి మార్చుకొంటే సరి. పాత దేహాన్ని పాత ఇనుము కొనేవానికి తూచి ఇవ్వవచ్చును. వెల్డింగుతో కళ్లు మండినవారికి ఇది వరమే. కాని అక్కడే ఒక ప్రశ్న తలెత్తినది. అట్లా తయారైనది 1965 నాటి కారా, నిన్నటి కారా?

మన పండితులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. తాళపత్రం చెదలు తిన్నచోట ‘ఇచ్చట గ్రంథపాతము’ అని వ్రాసి చుక్కలు పెట్టిన పరిష్కర్తలున్నారు. తమ కవిత్వంతో ఆ ఖాళీ పూరించి ఊరుకొన్న పరిష్కర్తలూ ఉన్నారు. రెండవవారి ప్రతి చదవడానికి సుఖంగా ఉంటుంది. మొదటివారి ప్రతి నమ్మదగి ఉంటుంది. బ్రౌనుదొర ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చిచూపించి పాఠం నిర్ణయింపజేసినది ఈ భయంతోనే. కారు ఉద్ధరించేవానికి సాటి ప్రతులంటే అదే సంవత్సరపు ఇతర కార్లు, పాత ఛాయాచిత్రాలు, కర్మాగారపు పుస్తకాలు. ఎక్కడ ఏ రంగు తీగె ఉండేదో, ఏ మరకు ఏ పూత ఉండేదో వాటిలో వెదకుతూ రాత్రులు గడుపుతారు. ఒక చిన్న లోహపు బిళ్ల విషయంలో ఇద్దరు ఉద్ధారకులు ఏళ్లతరబడి వాదించుకొన్నారంటే, అరసున్నపై వాదాలు ఎరిగినవారు ఆశ్చర్యపోరు.

ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టు దాకా పోయినది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు ఫ్రాన్సులోని లమాన్ పట్టణంలో జరిగే 24 గంటల పందెంలో 1929లోను, 1930లోను ప్రథమస్థానం పొందినది. ఆ తరువాత దానికి చట్రం మార్చినారు, పెద్ద ఇంజను వేసినారు. 1932లో బ్రూక్‌లండ్స్ పందెంలో అది ఘోరప్రమాదానికి గురియై నడిపేవాడు మరణించినాడు. మిగిలినదానిని మళ్లీ నిర్మించి, పైన కప్పు వేసి, రోడ్డుమీద నడిపినారు. దాదాపు అరవై ఏళ్ల తరువాత ఒకరు దానిని కోటి పౌనులకు కొంటామని ఒప్పుకొని, ఇది అసలు బండి కాదని వెనుదీసినారు. అమ్మినవాడు దావా వేసినాడు. న్యాయమూర్తి ముందు నిపుణులు ఒక్కొక్క భాగాన్నే లెక్కపెట్టినారు. పందెం గెలిచిననాటి ఇనుము ఆ బండిలో చాల కొద్దిగా మాత్రమే మిగిలినదని తేలినది. అయినా తీర్పు అమ్మినవానికే అనుకూలంగా వచ్చినది. ఆ కారు ఏనాడూ విడగొట్టబడి మాయం కాలేదు. తన బ్రతుకులో తాను మారుతూ వచ్చినది. దాని పేరు చెప్పుకొనగల మరొక కారు లోకంలో లేదు. కాబట్టి అదే ‘ఓల్డ్ నంబర్ వన్’ అని న్యాయస్థానం అంగీకరించినది. చిన్ననాటి దేహంలోని కండ ఏదీ మిగలని ముసలివానిని అదే పేరుతో పిలుస్తున్నాము గదా! అయితే ఈ తీర్పు మరొకవైపు పదునైన కత్తి. బ్రతుకులో మారిన కారుకు పేరు నిలుస్తుంది సరే. ఒక వేసవి సెలవులలో దేహమంతా పారవేసి కొత్తది తొడిగిన కారుకు నిలుస్తుందా? ఆ ప్రశ్నకు ఆ కోర్టు బదులు చెప్పవలసిన అవసరం రాలేదు.

జర్మనీలో పోర్షె కంపెనీవారి మ్యూజియం మధ్యేమార్గం తొక్కినది. 1963లో ఆ కంపెనీ తన కొత్త కారుకు 901 అని పేరు పెట్టినది. నడుమ సున్న ఉండే మూడంకెల పేర్లమీద ఫ్రాన్సులో తమకు హక్కున్నదని ప్యూజో కంపెనీ అడ్డుచెప్పగా 1964లో 911 అని మార్చినది. ఈలోపల 901గా తయారైనవి 82 మాత్రమే. వాటిలో 57వ సంఖ్య గల కారు 2014లో బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతంలో ఒక కొట్టంలో దొరికినది. ముందరి రెక్కలు లేవు, అడుగురేకులు పుచ్చిపోయినవి, బ్రేకులు బిగుసుకొన్నవి. కంపెనీ తలచుకొంటే కొత్త దేహమే ఒత్తి తొడగగలదు. అట్లా చేయలేదు. అదేకాలపు ఇతర కార్లనుండి భాగాలు తెచ్చి అతికినారు. మిగిలిన రేకులో ప్రతి అంగుళాన్ని కాపాడినారు. మూడేళ్లు పట్టినది. 2017 డిసెంబరులో ఎర్రగా మెరుస్తూ అది ప్రదర్శనకు వచ్చినది. అంతటి కర్మాగారమే మూడేళ్లు తీసుకొన్న పనికి ఇంటి పెరటిలో ఒంటరివాడు పదేళ్లు తీసుకొంటే తప్పు పట్టనక్కరలేదు. పదేళ్లకైనా పూర్తికాక, విప్పిన భాగాలన్నీ పెట్టెలలో పెట్టి, “మిగిలిన పని స్వల్పం” అని పత్రికలో ప్రకటన వేసి అమ్మివేసేవారు మాత్రం లెక్కకు మిక్కిలి. ఆ పెట్టెలలో ఏదో ఒక భాగం తప్పక లోపిస్తుంది. కొన్నవాడు దానికోసం మళ్లీ పదేళ్లు తిరుగుతాడు.

చారిత్రక వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ‘ట్యూరిన్ శాసనం’ అనే నియమావళిని ప్రకటించినది. ప్రాచీన కట్టడాల రక్షణకై 1964లో వెలువడిన వెనిస్ శాసనమే దానికి మేలుబంతి. వీలైనంతవరకు ఉన్నదానిని ఉన్నట్లు కాపాడవలెననీ, మార్చినచోట గుర్తుపెట్టి వ్రాసి ఉంచవలెననీ దాని సారాంశం. గ్రంథపాతాన్ని చుక్కలతో చూపవలెనన్న నియమమే ఇనుముకు కూడ వచ్చినదన్న మాట.

ఆ నియమాన్ని అంతుదాకా తీసుకొనిపోయిన ఉదాహరణ కూడ ఒకటి కలదు. 1925 నాటి ఒక చిన్న బుగాటి కారు స్విట్జర్లండులోని అస్కోనా గ్రామంలో చిక్కుకొని ఉండిపోయినది. దానికి దిగుమతి సుంకం కట్టినవారు లేరు. అట్టి వస్తువును నాశనం చేయవలెనని చట్టం. 1936లో సుంకపుటధికారులు దానిని గొలుసుతో కట్టి మగ్గియోరె సరస్సులోకి దించినారు. ఎవరైనా అడుగవస్తే పైకి లాగవచ్చునని వారి ఆలోచన కాబోలు. ఎవరూ రాలేదు. గొలుసు తుప్పుపట్టి తెగినది. కారు యాభై మీటర్లకు పైగా లోతుకు జారి, ఒక పక్కకు ఒరిగి, బురదలో కూరుకొన్నది. 1967లో ఈతగాండ్రు దానిని కనుగొన్నారు. 2009 జులైలో ఒడ్డుకు తెచ్చినారు. నీటిలో ఉన్న పక్క రేకు అల్లికవలె తూట్లుపడినది. బురద కప్పిన పక్క ఆశ్చర్యకరంగా నిలిచి ఉన్నది. ఒకటి రెండు చోట్ల పాత నీలిరంగు జాడలు కూడ కనబడినవి. 2010 జనవరిలో పారిస్ వేలంలో దానికి 2,60,500 యూరోలు పలికినవి. ఆ సొమ్ము ధర్మకార్యానికి పోయినది.

కొన్నవాడు కాలిఫోర్నియాలో స్వంత మ్యూజియం నడిపిన సంపన్నుడు. చుట్టూ అద్దంవలె మెరిసే బుగాటులెన్నో ఆయనకు ఉండేవి. వాటిని మెరిపించిన పనివారూ ఉండేవారు. ఆయన ఈ కారుకు సుత్తి తగలనీయలేదు, రంగు వేయనీయలేదు. చక్రాలు ఒరిగి, రేకులు చిరిగి, సరస్సు ఎట్లా ఇచ్చినదో అట్లాగే, మెరిసే కార్ల నడుమ దానికి చోటిచ్చినాడు.